తాళం వేశాం, కేసు కట్టండి

మహారాజశ్రీ మా స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారి సముఖానికి,

సంక్రాంతి ముందు మీరు పంచిన కరపత్రం అందింది. ఆటోకు మైకు కట్టి వీధివీధినా చదివించిందీ విన్నాం. బంగారం లాకరులో పెట్టమన్నారు. తాళం కనబడకుండా తలుపుకు కర్టెన్ వేయమన్నారు. ముందుగదిలో లైటు ఆర్పొద్దన్నారు. పాలు, పేపరు ఆపించమన్నారు. ఊరెళ్తున్నట్టు వాట్సాప్ స్టేటస్ పెట్టొద్దన్నారు. ఇరుగుపొరుగుకు చెప్పి వెళ్లమన్నారు. మా క్షేమం కోసం ఇంత శ్రమపడ్డారు, సంతోషం.

ఇరుగుపొరుగంటే ఎవరండీ? భోగి ముందురోజు మా వీధి వీధంతా ఊళ్లకెళ్లే దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల వరసలో ఉంది. పక్కింటివాళ్లది నర్సాపురం, ఎదురింటివాళ్లది సూర్యాపేట, మాది అమలాపురం పక్కన. 'మా ఇల్లు కాస్త చూస్తుండండి' అని ఒకరికొకరం చెప్పుకుని అందరం బయల్దేరాం.

స్టేటస్ సంగతీ అంతే. ధనుర్మాసమంతా రోజూ ముగ్గు పడిన వాకిలి సరిగ్గా పండగ మూడు రోజులూ బోసిగా కనబడితే, ఇక దొంగకు మా ఫోనుతో పనేముంది? పనిమనిషిచేత వేయిద్దామంటే ఆవిడకూ ఊరుంది, ఆవిడకూ పండగుంది. ముగ్గు ఎవరిచేత పెట్టించాలో మాత్రం మీ కరపత్రంలో లేదు.

కనుమనాడు కాకి కూడా కదలదంటారు. దొంగ కదిలాడు. ముక్కనుమనాడు వచ్చి చూస్తే పెరటి తలుపు గడియ ఊడి వేలాడుతోంది. దేవుడిగదిలో వెండి కుందులు లేవు, పంచపాత్ర లేదు. బీరువాలో చీరలన్నీ మంచమ్మీద కుప్ప. వాటి మధ్య మఖమల్ డబ్బా ఖాళీగా పడుంది, మా ఆవిడ గాజుల జత లేదు. ముందుగదిలో లైటు మాత్రం మీరు చెప్పినట్టే వెలుగుతోంది. దొంగకు టార్చి ఖర్చు తప్పింది.

స్టేషన్‌కు పరిగెత్తాను. రైటర్ గారు సొరుగులోంచి అదే కరపత్రం తీసి, ఒక్కో పాయింటు మీదా వేలుపెట్టి అడిగారు. "గాజులు లాకరులో ఎందుకు పెట్టలేదు? పెరటి తలుపుకు సెంట్రల్ లాక్ ఉందా? వెళ్తున్నట్టు మాకు చెప్పారా?" చెప్పాను సార్! కాగితం రాసిచ్చే వెళ్లాను. ఆ కాగితం ఆయన టేబులు మీదే, టీ గ్లాసు కిందే ఉంది! ఇంతకీ ఆ కరపత్రం మాకిచ్చిన సలహానా, మా మీద వేసిన ఛార్జిషీటా? పైగా గాజులకు బిల్లు తెమ్మంటారు. మా అత్తగారు పెళ్లిలో పెట్టిన గాజులకు బిల్లెక్కడిది? చేసిన కంసాలే లేడిప్పుడు. రాత్రి బీటుకు ఎవరొచ్చారని నేనడిగితే, పండగ బందోబస్తట.

"పిటిషన్ ఇచ్చి వెళ్లండి, దొరికితే ఫోన్ చేస్తాం" అన్నారు. అంతే. ఎఫ్‌ఐఆర్ లేదు. ఇంట్లో దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ ఏడేళ్ల దాకా జైలు అంటోంది. ఇలాంటి నేరం మీ చెవిన పడితే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013లోనే లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం దాని కాపీ ఫిర్యాదికి ఉచితంగా ఇవ్వాలి. మీకు తెలియనివా ఇవి? కరపత్రంలో చోటు చాలలేదేమో! కేసు కడితే స్టేషన్ లెక్కల్లో నేరం పెరుగుతుంది, కట్టకపోతే మా ఇంట్లో ఏమీ పోనట్టే.

ఇక వేసవి సెలవుల కరపత్రం వస్తుంది. బతుకమ్మకు, గొలుసు మీద కొంగు కప్పుకోమనే కరపత్రం వస్తుంది. అన్నట్టు, మా వీధి దీపం దసరా నుంచీ వెలగడం లేదు. అది మీ పని కాదని తెలుసు, చీకట్లో దొంగలు మీ పనే కదా అని చెబుతున్నా.

వెండి పోతే పోనీ సార్. ఆ గాజులు మాత్రం మా ఆవిడకు వాళ్లమ్మ పెట్టినవి. వేలిముద్రలు చెరిగిపోతాయని మా ఆవిడ బీరువా తలుపు మీద ఎవర్నీ చెయ్యి వేయనివ్వడం లేదు, చీరలు ఇంకా మంచం మీదే ఉన్నాయి. క్లూస్ టీమును ఒక్కసారి పంపండి. దొరికితే దొరుకుతాయి, లేకపోతే లేదు. ముందు కేసు కట్టి నంబరివ్వండి.

ఇట్లు,
ఫిర్యాది