హనుమాన్ జంక్షన్ గొలుసు పద్యం: టీకా తాత్పర్యం

కాళిదాసుకు కోలాచలం మల్లినాథసూరి దొరికాడు. నాకెవరూ దొరకలేదు. పద్యమూ నాదే, వ్యాఖ్యా నాదే.

ఆ. దుమ్ము రేగు దారి దొడ్డది వలదయ్య
వానకాల మదియె వలయు నోయి
పైన పూత తుడిచి బందులోపలఁ జేర్చు
వాని బండి నడచు వాయువట్లు

టీక: దుమ్ము రేగు దారి = వేసవిలో నూజివీడు రోడ్డు; దొడ్డది = చిక్కని చమురు; వలదు = వద్దు; వానకాలము = వానాకాలంలో, అనగా గుడివాడ రోడ్డున; అదియె = ఆ చిక్కనిదే; వలయున్ = కావాలి; పైన పూత = సైకిల్ గొలుసు మీద నల్లగా మెరిసేది; బందులోపలన్ = మేకుకూ గుండుకూ నడుమ; తక్కినది సులభం.

తాత్పర్యం: అభయాంజనేయస్వామి గుడి దగ్గర నిలబడి వాయవ్యానికి తిరిగితే మామిడితోటల ఎర్రమట్టి, దక్షిణానికి తిరిగితే వరిచేల నల్లమట్టి. ఎటు తొక్కుతావో తేల్చుకున్నాకే డబ్బా మూత తియ్యి.

విశేషాలు: ‘దొడ్డది’ విశేషణం. విశేష్యం లేదు. చమురు అని అధ్యాహారం చేసుకోవాలి. ఇక్కడ పూర్వపక్షం: ‘లారీలోంచి తీసిన కాలిన ఇంజనాయిలు ఉండగా చమురు కొనడం దేనికి?’ అది చిక్కనిదే, ఊరికే వస్తుంది కూడా. కానీ అందులో మసీ ఇనుపరజనూ ఉంటాయి. గొలుసుకు అది కందెన కాదు, ఆకురాయి. మంచి చిక్కని చమురైనా ఎండాకాలం దుమ్ము పట్టుకుని అదే పని చేస్తుంది. వైశాఖంలో అలా పోసుకుని నూజివీడు వెళ్లొచ్చిన నా ప్యాంటు అంచు ఇప్పటికీ సాక్ష్యం చెబుతుంది. పలచని మిషన్ నూనె దుమ్మును అంతగా పట్టదు, కాకపోతే తరచు వెయ్యాలి, ఒక్క జల్లుకే కొట్టుకుపోతుంది. కిరసనాయిలు మడ్డి కడగడానికే. కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే చమురు.

‘బందు’ అన్నచోట పద్యం ప్రాణం ఉంది. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ పేటెంటు తీసుకున్న గొలుసులో మేకు చుట్టూ గొట్టం, దాని చుట్టూ తిరిగే గుండు ఉంటాయి. రాపిడంతా ఆ లోపలే. గుండుకో చుక్క వేసి, పెడలు వెనక్కి తిప్పి, కాసేపాగి గుడ్డతో తుడిచెయ్యాలి. పైన మెరిసే చమురు దుమ్ముకు పెట్టిన విందు.

మొదటి పాదంలో ‘అయ్య’, రెండోదానిలో ‘ఓయి’ ఏమిటని ఆక్షేపిస్తారు. పని ఒప్పుకునేటప్పుడు మర్యాద, బండి విప్పాక చనువు: సైకిల్ షాపు సంప్రదాయం. (ఒకచోట గణం కూడా చాల్లేదు.)

‘వాయువట్లు’: స్వామి వాయుపుత్రుడు గనుక స్థలౌచిత్యం అని పండితులు. పదహారో నంబరు హైవే మీద లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు మనల్ని నెట్టే గాలి అని తొక్కేవాళ్లు. రెండోదే సరైన అర్థం.

పద్యంలో పట్టని సంగతి ఒకటి. కొత్త గొలుసులో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు. స్కేలు పెట్టి చూడండి. అంగుళంలో వీసం సాగితే గొలుసు మార్చాలి. బేడ సాగితే పళ్లచక్రాలు కూడా.