వశీకరణం: బద్వేలు సిలబస్

ఏ ఊరి బస్టాండు గోడ చూసినా మొలల మందు కాగితం పక్కనే ఇంకో కాగితం అంటించి ఉంటుంది. స్త్రీ పురుష వశీకరణం, 24 గంటల్లో గ్యారంటీ, కింద ఒక ఫోన్ నంబరు. పాపా, ఆ నంబరుకు చేయొద్దు. నిమ్మకాయలకూ కుంకానికీ స్వామి దారి ఖర్చులకూ నువ్వు తగలేసే డబ్బుతో ప్రొద్దుటూరులో మంచి చీరే వస్తుంది. అయినా ఇప్పుడు నిమ్మకాయల కాలం కాదు, సైకాలజీ కాలం. ఫోను తెరిస్తే చాలు, ఆడపిల్ల తన ఆకర్షణతో లోకాన్ని ఎట్లా తిప్పుకోవాలో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. మూడు సెకన్లు కళ్ళలోకి చూడు, తర్వాత చూపు దించు. తల కొంచెం పక్కకు వంచు. మెసేజికి వెంటనే జవాబివ్వకు. అర్థం కాని చిరునవ్వొకటి ఎప్పుడూ దగ్గర పెట్టుకో. నేను వీటిని కాదనను. కాకపోతే ఇవి చెప్పేవాళ్ళెవరూ బద్వేలు మొహం చూసినవాళ్ళు కారు. అందుకని మన ఊరికి పనికొచ్చేట్టు కొన్ని సవరణలు.

మొదట చూపు సంగతి. నాలుగురోడ్ల కూడలిలో నిలబడి నువ్వు మూడు సెకన్లు చూపు కలిపితే అది ఒక్కడితో కలిసి ఊరుకోదు. పూలమ్మే ఆమెతో, ఆటోల వాళ్ళతో, టీ బంకు దగ్గర ఒకే పేపరు పంచుకుని చదివే ముగ్గురు పెద్దమనుషులతో, మీ నాయనకు అప్పు మీద ఎరువులిచ్చే అంగడాయనతో, అందరితో కలుస్తుంది. నువ్వు ఇల్లు చేరేలోపల ఆ చూపు నీకంటే ముందే ఇంటికి చేరి మంచం మీద కూర్చుని ఉంటుంది. "ఎవురుమే ఆ పిల్లోడు?" అని మీ అమ్మ గుమ్మంలోనే అడుగుతుంది. కాబట్టి బద్వేలులో చూపు కలపాలంటే ఎండలో చూడలేక కళ్ళు చికిలించినట్టు కలపాలి. మన ఎండల పుణ్యమా అని ఏడాదిలో ఎనిమిది నెలలు ఈ సాకు చెల్లుతుంది.

మళ్ళీ మళ్ళీ కంటబడమని ఇంకో సూత్రం. దీనికి శాస్త్రం ఉంది. రాబర్ట్ జాయన్స్ అనే సైకాలజిస్టు 1968లో అర్థం లేని మాటలూ, చైనా లిపిని పోలిన గీతలూ, ముఖాల ఫొటోలూ జనానికి పదే పదే చూపించాడు. ఎక్కువసార్లు చూసినవాటి మీదే వాళ్ళకు ఇష్టం పెరిగిందని తేలింది. మన పిల్లోళ్ళకు ఇది ఆయన చెప్పకముందే తెలుసు. లేకపోతే ఒకే బండి ఒకే వీధిలో సాయంత్రం అన్నిసార్లు ఎందుకు తిరుగుతుంది? ఫలితం మాత్రం కొంచెం తేడాగా వస్తుంది. ఆ పిల్లోడి మీద ముందుగా ఇష్టం పుట్టేది పెట్రోలు బంకు వాళ్ళకు. సిద్ధాంతాన్ని పరీక్షించాలనుకుంటే పుట్టినరోజు ఫ్లెక్సీలు చూడు. కూడలిలో ఒకే మొహం పది కోణాల్లో దండం పెడుతూ ఉంటుంది. నీకు ఇష్టం పెరిగిందా, చెప్పు.

గుండెదడ సూత్రం వీటన్నిటికంటే ముచ్చటైనది. కెనడాలో వాంకూవర్ దగ్గర కాపిలానో అనే చోట లోయ మీద వేలాడే వంతెన ఒకటుంది. డటన్, ఏరన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దాని మీద నడిచే మగవాళ్ళను ఒక అమ్మాయి చేత ఏవో ప్రశ్నలడిగించి, వివరాలు కావాలంటే ఫోన్ చేయమని నంబరిప్పించారు. గట్టి వంతెన మీద కలిసినవాళ్ళకంటే ఊగే వంతెన మీద కలిసినవాళ్ళే ఎక్కువమంది ఫోన్ చేశారు. భయంతో కొట్టుకున్న గుండెను చూసి అది ఆ అమ్మాయి మహిమే అనుకున్నారని 1974లో రాశారు. మనకు అంత వంతెన లేదు గానీ లంకమల అడవి పక్క నుంచి సిద్దవటం మీదుగా కడపకు పోయే పల్లెవెలుగు ఉంది. ఊగడంలో ఏ వంతెనకూ తీసిపోదు. చిక్కంతా సీటు దగ్గరే. కిటికీలోంచి తువాలు వేసి సీటు ఆపుకున్నవాడి తువాలు తీసి పక్కన పెట్టి నువ్వు కూర్చున్నావంటే వాడి గుండె తప్పకుండా కొట్టుకుంటుంది. దాన్ని ప్రేమ అని మాత్రం వాడు పొరబడడు.

బస్సు మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. రీళ్ళలో చెప్పే స్త్రీ శక్తి వేరు, మన ఆర్టీసీ స్త్రీ శక్తి వేరు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణ పథకానికి పెట్టిన పేరది. దీనికి తల వంచనక్కర్లేదు, చిరునవ్వు అక్కర్లేదు. ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టిస్తాడు. ఆకర్షణ శాస్త్రానికి ఇంత పెద్ద దెబ్బ ఇంకొకటి లేదు. హక్కుగా వచ్చేదానికి వగలు ఎందుకు? వగలు అవసరమయ్యేది హక్కుగా రావాల్సింది రాని చోటనే. సిలబస్‌లో అసలు భాగం అదే. దాని దగ్గరికి వస్తాను.

ఈలోగా ఈ విద్యకు పుస్తకాలు రాసిందెవరో చూడు. కామసూత్రాల్లో ఆరో అధికరణం వైశికం, వేశ్యల కోసం. పాటలీపుత్రపు గణికలు కోరితే ఈ విషయం మీద విడిగా మొదట రాసినవాడు దత్తకుడని వాత్స్యాయనుడే చెప్పాడు. ప్రియుడి దగ్గర డబ్బు రాబట్టాలంటే నగలు దొంగలు ఎత్తుకుపోయారని చెప్పు, ఇల్లు కాలిపోయిందని చెప్పు అంటూ అందులో వరసగా ఉపాయాలున్నాయి. ఆ గణికలకు ఈ సంగతులు దత్తకుడు చెబితే గాని తెలియవా? అడిగింది వాళ్ళు, పేరు మిగిలింది ఆయనకు. మన కాళ్ళకూరి నారాయణరావు గారు చింతామణి నాటకం రాసింది వేశ్యల వలలో పడొద్దని మగవాళ్ళకు బుద్ధి చెప్పడానికి. జనం తిరనాళ్ళలో తెల్లవార్లూ కూర్చుని చూసింది మాత్రం ఆ వలలో పడ్డ సుబ్బిశెట్టి వేషం కోసం. ఆ పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పగా 2022 జనవరిలో ప్రభుత్వం నాటకాన్ని నిషేధించింది. ఇన్నేళ్ళూ వల వేసిన చింతామణి గురించి ఎవరికీ బాధ లేదు. వలలో పడ్డవాడు ఎట్లా కనబడ్డాడన్నదే బాధ. మనస్తత్వశాస్త్రంలో నేర్చుకోవాల్సినదేమైనా ఉంటే అది ఇక్కడుంది.

దత్తకులను వదిలేసి మన ఊరి పక్కనే వెతుకు. గోపవరం కుమ్మరి మొల్ల ఉంది. గోపవరం శ్రీకంఠ మల్లేశ్వరుడి వరంతోనే కవిత్వం అబ్బిందని చెప్పుకున్న మనిషి. తన రామాయణం మొదట్లో ఆమె చేసిన పని చూడు. దేశ్యాలు తెలియవు, సంస్కృతం తెలియదు, సంధులు తెలియవు, సమాసాలు తెలియవు, ఛందస్సు, అలంకారాలు తెలియవు అని వరసగా చెప్పుకొచ్చింది. తెలియనివాళ్ళకు ఇన్ని పేర్లు తెలుస్తాయా? ఆ తెలియదన్న మాట కూడా ఛందస్సు తప్పకుండా పద్యంలోనే చెప్పింది. చదివే పండితుడు, పాపం ఏమీ చదువుకోని ఆడమనిషి అని మెత్తబడతాడు. మెత్తబడ్డాక రామాయణం మొత్తం వినక తప్పదు. వినయం అని తరగతుల్లో చెబుతారు. నేను మాత్రం మార్కులన్నీ ఎత్తుగడకే వేస్తాను.

ఇదే పాఠం కొత్త కోడళ్ళకు పుట్టింట్లో నేర్పి పంపిస్తారు. సంగటి కెలకడం నీకు ఎనిమిదో ఏటి నుంచే వచ్చు. అయినా మొదటి వారం తెడ్డు పట్టుకుని వచ్చి "అత్తా, ఉండ కట్టకుండా యెట్ల కెలకాల్నో సూపీ అత్తా" అనాలి. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తనంటే గిట్టని ఒక పెద్దమనిషి దగ్గర అరుదైన పుస్తకం అరువడిగి, ఆయన్ను జీవితాంతం స్నేహితుణ్ణి చేసుకున్నానని రాసుకున్నాడు. సాయం పొందినవాళ్ళకంటే చేసినవాళ్ళకే ఇష్టం పుడుతుందట. ఆయనకు పుస్తకం, నీకు తెడ్డు. ఒక్క జాగ్రత్త: రెండో వారం కూడా అడిగితే, పుట్టింటి వాళ్ళు పనిపాటలు నేర్పలేదని అత్త ఊరంతా చెబుతుంది.

ఇక అసలు భాగం. అంగట్లో, ఆఫీసులో.

అమెరికా ప్రొఫెసర్ రాబర్ట్ చాల్దీని, ఎదుటివాళ్ళను ఎట్లా ఒప్పిస్తారో తెలుసుకోవాలని, తానెవరో చెప్పకుండా అమ్మకందార్ల శిక్షణల్లో చేరి, చూసిందంతా 1984లో పుస్తకం చేశాడు. అందులో ఆరు సూత్రాలు. ప్రొద్దుటూరు చీరల అంగట్లో ఒక పెళ్ళి సీజను గడిపి ఉంటే ఆయనకు తొందరగా పని అయిపోయేది. మెత్త మీద కూర్చోబెట్టి కూల్‌డ్రింకు చేతిలో పెట్టడం ఒక సూత్రం, "ఒకే పీసుందక్కా, ఇది పోతే మళ్ళీ రాదు" ఇంకో సూత్రం, "కలెక్టరాఫీసు మేడం కూడా ఇదే తీసుకుపోయింది" ఇంకోటి. వీటికి విరుగుడు మన పిన్నమ్మల దగ్గర ఉంది. కూల్‌డ్రింకు అడుగంటా తాగాలి. చీర చేత్తో తడిమి, వెలుతురులోకి తీసుకుపోయి, అంచు మడత విప్పి, ఒక నిట్టూర్పు విడిచి, "బాగనే ఉంది గానీ..." అని ఆపేయాలి. ఆ "గానీ" తర్వాత ఏమీ చెప్పకూడదు. చెప్పులేసుకుని మెట్టు దిగేదాకా ఎన్నిసార్లు ధర తగ్గుతుందో చూసుకుంటూ నడవడమే. ఇందులో వయ్యారానికి చోటు లేదు. ఉన్నదంతా ఓపికే, అందుకే రీళ్ళలో దీన్ని చూపించరు.

ఇంకో మెట్టు పైన ఆఫీసు. ఫలానా ఆఫీసు అని చెప్పను, అన్నీ ఒకటే. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు కోసం అట్లూరు నుంచి వచ్చిన ఒక అవ్వ. ముసలాయన పోయి చాలా కాలమైంది, కాగితం లేక పొలం పేరు మారడం లేదు. గుమాస్తా తల ఎత్తకుండానే "రేప్పొద్దున రా అవ్వా" అన్నాడు. అవ్వ కదల్లేదు. కౌంటరు మీద మోచేయి ఆనించి, నింపాదిగా మొదలుపెట్టింది.

"యా ఊరు నాయనా మీది?"

"పోరుమామిళ్ళ పక్క."

"పక్కంటే యాడ?"

"కలసపాడు."

"అయ్యో, కలసపాడా! మా చిన్నమ్మనిచ్చిండేది ఆ ఊరికే గదా. రామాలయం యెనకాల ఇల్లు. నువ్వు ఎవురి మనవడివి?"

అతను తల ఎత్తాడు. తాత పేరు చెప్పాడు. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, ఆ తాత పెళ్ళిలో తాను వడ్డించిన సంగతి చెప్పింది. నిజంగా వడ్డించిందో లేదో ఆ తాత లేచి వచ్చి చెప్పడు. "అట్లయితే నువ్వు నాకు మనవడివి గదప్పా. మీ అవ్వ కాగితం ఆ బీరువాలోనే ఉందంట, సూడు నాయనా, ఎండన బడి వచ్చినా" అంది. బీరువా తెరుచుకుంది. కాగితం దొరికింది. మజ్జిగ కూడా వచ్చింది.

చాల్దీని 2016లో ఇంకో పుస్తకం రాసి, ఆరు సూత్రాలకు ఏడోది చేర్చాడు: మనవాళ్ళు అనుకుంటే ఏదైనా చేస్తారని. ఆరు నుంచి ఏడుకు రావడానికి ఆయనకు 32 ఏళ్ళు పట్టింది. అవ్వకు మూడు ప్రశ్నలు పట్టాయి. అంత తెలివి ఆమె ఖర్చు పెట్టింది తనకు రావాల్సిన కాగితం కోసమే అన్నది వేరే సంగతి. చుట్టరికం కలపడం చేతగాని ఆడవాళ్ళు అదే కౌంటరు ముందు ఇంకా వరసలో ఉన్నారు.

ఇంత చదివాక కూడా నీకు కావాల్సింది పిల్లోణ్ణి ఆకర్షించడమే అయితే, అది ఈ సిలబస్‌లో అన్నిటికంటే సులువు, అందుకే చివర పెట్టాను. మన వైపు సగంమందికి మేనమామో బావో పుట్టినప్పుడే రాసిపెట్టి ఉండేవాడు, ఆ సౌకర్యం ఇప్పుడు తగ్గింది. మిగతావాళ్ళకు పద్ధతి: అతను చెప్పేది విను. మగవాడు చెప్పేది అడ్డం పడకుండా వింటే తాను ప్రేమలో పడ్డానని అతనే తేల్చుకుంటాడు. ఎక్కడ ఆపాలో మాత్రం తెలిసి ఉండాలి. వేమన కథ ఉండనే ఉంది. ఆయన వలచిన వేశ్య నగలన్నీ అడిగింది, తెచ్చిచ్చాడు. వదిన ముక్కున ఉన్న బులాకీ కూడా కావాలంది. ఆ ఒక్క బులాకీతో మనిషి విరక్తిలో పడి గోచీ పెట్టుకుని వెళ్ళిపోయాడని చెబుతారు. 1947లో కె.వి.రెడ్డి గారు వేమన కథను సినిమాగా తీశారు. తెలుగువాళ్ళకు పద్యాలు మిగిలాయి. ఆమెకు నగలు మిగిలాయి. నష్టపోయిందెవరో నేను తేల్చలేను.

అక్కర్లేనివాడు ఆకర్షితుడైతే ఏం చేయాలి? వదిలించుకునే ఉపాయాలు వాత్స్యాయనుడు కూడా ఇచ్చాడు, అవన్నీ నసుగుడు. మన దగ్గర "అన్నా" అంటే సరిపోతుంది. ఎక్కడైనా పనిచేస్తుంది గానీ కడప జిల్లాలో ఒక ఇబ్బంది: అన్నా అంటే కొందరు తమను లీడరు చేశావనుకుని ఇంకా పొంగిపోతారు, మరుసటి పుట్టినరోజు ఫ్లెక్సీలో నీ తమ్ముడి ఫొటో కూడా వేయిస్తారు. అలాంటివాళ్ళకు మళ్ళీ మొల్లే గతి. కోడిపెట్టను చంకన పెట్టుకుని కుక్కను తోలుకుని పోతుంటే తెనాలి రామకృష్ణుడు ఎదురై, రూపాయి ఇస్తాను పెట్టనిస్తావా కుక్కనిస్తావా అని వంకర నవ్వుతో అడిగాడని కథ. "నేను నీకు అమ్మను" అన్నదట. అంత పెద్ద వికటకవికీ నోరు పెగల్లేదట. వాళ్ళిద్దరూ నిజంగా కలిశారా అని పండితులు వాదించుకుంటూ ఉండనీ. నువ్వు మాత్రం ఒక్కసారిగా ఆ మెట్టుకు పోవద్దు. ముందు అన్నాతో మొదలుపెట్టు, ఫ్లెక్సీ వస్తే అప్పుడు చూద్దాం.