తొలిగుక్క రాయుడు

మందుకు కొత్తవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటారు గానీ, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మన తెలుగు తొలిగుక్క రాయుడి దారే వేరు. బెంగాల్ చట్టం అడిగే 21 ఏళ్లూ నిండాయి, జేబులో మొదటి జీతం ఉంది, చేతికి మెనూ వచ్చింది. ఇక కుర్రాడు రుచి చూసి ఏదో ఒకటి ఎంచుకుంటాడని మనం అనుకుంటాం. అతను వెతికేది తన మీద సాక్ష్యం చెప్పని గ్లాసు కోసం. పక్క టేబుల్ మీంచి చూసిన పెద్దమనిషి రేపు గోల్‌బజార్‌లో వంకాయలు ఏరుకుంటూ నాన్నకి ఏమని చెప్పగలడు? రాయుడి లెక్కంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది. ఘాటు, ధర, పరిమాణం ఆ తర్వాతి సంగతి.

ఇందులో కుర్రాడి పిరికితనం కన్నా ఊరి కట్టడి ఎక్కువ. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు ఇక్కడి తెలుగువాళ్లు. నాన్నతో కార్ఖానాలో పనిచేసిన ప్రతివాడూ మావయ్యే, కాకపోతే బాబాయే. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం 1072 మీటర్లతో ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా వెలిగింది. ఆ కిరీటాన్ని 2013లో గోరఖ్‌పూర్ పట్టుకుపోయింది, దాన్నించి 2023లో హుబ్బళ్లి లాక్కుంది. అయితే ఒక క్వార్టర్ నుంచి ఇంకో క్వార్టర్‌కి కబురు చేరే వేగంలో మాత్రం ఖరగ్‌పూర్‌ని ఓడించే జంక్షన్ ఇంకా కట్టలేదు. పైగా నాన్న లోకో పైలట్ అయితే మరీ చిక్కు. ఆయన డ్యూటీ ఎక్కేముందు లాబీలో యంత్రంలోకి ఊది, తాగలేదని నిరూపించుకోవాలి. ఇంటి గుమ్మంలో అమ్మకి ఆ యంత్రం కూడా అక్కర్లేదు.

అందుకని రాయుడు మెనూని పోలీసు కళ్లతో చదువుతాడు. విస్కీ రంగు చూడగానే కేసు రుజువైపోతుంది, కొట్టేయ్. 650 మిల్లీలీటర్ల బీరు సీసా టేబుల్ మీద సిగ్నల్ స్తంభంలా నిలబడుతుంది, అదీ వద్దు. వోడ్కాలో నారింజరసం కలిపే స్క్రూడ్రైవర్ చూడ్డానికి అమాయకంగానే ఉంటుంది గానీ, ఫిట్టర్ కొడుకు ఆ పేరు బయటికి ఎలా పలుకుతాడు? నాన్న పొద్దుగూకులూ చేత్తో తిప్పేది అదేనాయె. బ్లడీ మేరీలో టమాటా రసం, ఉప్పు, మిరియాలు ఉంటాయని తెలిసేసరికి, చారు కోసం ఇంత దూరం రావాలా అనిపిస్తుంది. మొహీటో దగ్గర కాసేపు ఆగుతాడు. నిమ్మ, పుదీనా, సోడా, అడుగున ఎక్కడో రమ్ము. చూస్తే షర్బత్తు, పుదీనా నమిలితే వాసన కూడా పోతుందని ఎవరో చెప్పారు. (పోదు. అమ్మ ముక్కు సంగతి చెప్పినవాడికి తెలియదు.) చివరికి అతని వేలు లాంగ్ ఐలాండ్ ఐస్‌డ్ టీ మీద వాలుతుంది. అందులో తేయాకు పొడి కూడా ఉండదు. ఉంటేనేం, లేకపోతేనేం? ఇంటి నుంచి ఫోనొచ్చి "ఎక్కడున్నావురా?" అంటే, "టీ తాగుతున్నానమ్మా" అని ధర్మరాజు గొంతుతో చెప్పొచ్చు.

అదేం కాదు, పాపం కుర్రాడిది తీపి నాలుక, అందుకే కాక్‌టెయిల్ అడిగాడు అనేవాళ్లున్నారు. తీపే కావాలంటే మెనూ చివరి పేజీలో రమ్ము లేని మొహీటో తక్కువ ధరకే ఉంది. దాన్ని కన్నెత్తి చూడడు. ఎందుకంటే ఎదుట కూర్చున్న స్నేహితులకి తాను తాగుతున్నట్టు కనబడాలి, వెనక కూర్చున్న పెద్దలకి కనబడకూడదు. ఈ రెండు పనులూ ఒక్క గ్లాసుతో చేసిపెట్టేది కాక్‌టెయిలే. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉన్న రోజుల్లో దొంగసారా కంపు తెలియకుండా పళ్లరసాలు, తేనె కలిపేవారు. అక్కడ ముసుగు సరుక్కి వేశారు, ఇక్కడ తాగేవాడే వేసుకున్నాడు.

కొత్తగదా, తేలికపాటిది తీసుకున్నాడు, అది జాగ్రత్తే కదా అంటారు ఇంకొందరు. లెక్క వేద్దాం. బార్‌టెండర్ల అంతర్జాతీయ సంఘం కొలతల ప్రకారం ఆ 'టీ'లో వోడ్కా, జిన్, తెల్ల రమ్ము, టెకీలా, నారింజ లిక్కరు ఒక్కోటి 15 మిల్లీలీటర్లు, వెరసి 75. మన లార్జ్ పెగ్గు 60. నూటికి 40 వంతున చూస్తే ఆ గ్లాసులో అసలు ఆల్కహాలు 30 మిల్లీలీటర్లు. భయపడి వద్దనుకున్న మామూలు బీరు సీసాలోనూ, 5 శాతం లెక్కన, ఉన్నది ఇంచుమించు అంతే. కాకపోతే బీరు అంత తొందరగా దిగదు. ఆ 'టీ'ని మాత్రం స్ట్రా పెట్టి, అందులో కలిపిన కోలా తీపికి మురిసిపోతూ, వేయించిన పల్లీలు వచ్చేలోగా ఖాళీ చేస్తాడు. ఊరి కళ్లు కప్పడానికి వేసుకున్న వేషం ముందు వాడినే బోల్తా కొట్టిస్తుంది. "ఇందులో మందు ఎంత పోస్తారు?" అని ఒక్క మాట అడిగితే బార్‌వాడు చెబుతాడు. రాయుడు అడిగేది మాత్రం రంగు గురించి.

తాతలు ఊళ్లో తాటికల్లు బాహాటంగా తాగలేదా, ఇప్పుడెందుకీ దాపరికం అన్నది కాస్త బరువైన ప్రశ్న. ఆ తాతల తర్వాత చాలా జరిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు, 1995లో ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ చట్టం బెంగాల్‌కి వర్తించలేదు. కానీ రైల్వే పాస్ మీద సొంతూరు వెళ్లొచ్చే తల్లులు, సారాకి కరిగిపోయిన కూలిడబ్బుల కథలు వినే వచ్చారు. కాబట్టి అమ్మ భయం చాదస్తం కాదు. ఆ సంగతి రాయుడికీ తెలుసు, అందుకే ఎదురు చెప్పలేక గ్లాసు రంగు మారుస్తాడు.

ఇంతకీ అందరికంటే తెలివైనవాళ్లు వేసే ప్రశ్న ఒకటుంది. బార్‌లో కుర్రాణ్ణి చూసిన మావయ్య తానూ బార్‌లో ఉన్నట్టే కదా, ఇక నాన్నకి ఏ మొహంతో చెబుతాడు? తర్కానికి ఢోకా లేదు గానీ, మావయ్యల అనుభవం ముందు అది నిలవదు. మావయ్య ఎప్పుడు దొరికినా కౌంటరు దగ్గర చిల్లీ చికెన్ పార్సిల్ కోసమే నిలబడి ఉంటాడు. అది కట్టడానికి రెండు గంటలు పట్టిందని అత్తయ్య కూడా సాక్ష్యం చెబుతుంది.