పిచ్చుక మీద ఒక శాతం బ్రహ్మాస్త్రం

బెజవాడ సూర్యారావుపేటలో డాక్టర్ల బోర్డులు ఒకదాని భుజమ్మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. గుండెకొకరు, ఎముకలకొకరు, చర్మానికి నలుగురు. మొన్నొక సాయంత్రం ఆ బోర్డులన్నిటినీ దాటుకొచ్చి, మలుపులో ఉన్న మందుల షాపు ముందు స్కూటీ ఆపి, హెల్మెట్ కూడా తియ్యకుండా ఓ అమ్మాయి అడిగింది.

"అన్నా, మొటిమలకి ఏదైనా ట్యూబ్ ఇవ్వవా?"

అన్న ఆ పిల్ల మొహం చూడలేదు. చూద్దామన్నా హెల్మెట్ అడ్డం. అయినా రోగ నిర్ధారణ జరిగిపోయింది. వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి అరలోంచి ట్యూబ్ తీశాడు.

"ఎలా రాయాలి?"

"పొద్దునా రాత్రీ."

"ఎన్నాళ్ళు?"

"తగ్గేదాకా."

"మళ్ళీ వస్తే?"

"మళ్ళీ రాయి."

ఉపనిషత్తుల్లో కూడా ఇంత క్లుప్తంగా గురుశిష్య సంవాదం ఉండదు. ఫీజు లేదు, చీటీ లేదు, గడువు లేదు, డాక్టరు అసలే లేడు. బీపీ మాత్రల కోసం వెనకాల నించున్న నన్ను మాత్రం అన్న పట్టుకున్నాడు. నా చీటీ పాతదట, మళ్ళీ రాయించుకు రమ్మన్నాడు. వైద్యం మీద అతనికి గౌరవం లేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఆ గౌరవం మెడ కింద నుంచి మొదలవుతుంది, అంతే.

అతను ఇచ్చింది క్లిండమైసిన్ జెల్, ఒక శాతం. మంచి మందు. ఎముకకు చీము పట్టినప్పుడూ, ఊపిరితిత్తిలో చీముగడ్డ కట్టినప్పుడూ ఆస్పత్రిలో వాడే మందూ ఇదే. అంతటి మందుని మనం తీసుకొచ్చి పౌడరు డబ్బా పక్కన, దువ్వెన కింద, పాత బొట్టుబిళ్ళలు అంటించిన అద్దం అరలో పెట్టాం. పెట్టిన చోటుని బట్టే దాని హోదా తేలిపోయింది. యాంటీబయోటిక్ మాత్రగా కనిపిస్తే మనకు కాస్తో కూస్తో భయం. జెల్‌గా కనిపిస్తే అది అలంకరణ సామాను. కాటుక పెట్టుకుంటూ పెట్టుకుంటూ ఓ చుక్క యాంటీబయోటిక్ కూడా.

అసలు ఆ చుక్క ఎవరి మీద వేస్తున్నాం? వెంట్రుక కుదుట్లో జిడ్డు గ్రంథి ఉంటుంది. పదిహేనేళ్ళొచ్చేసరికి హార్మోన్ల పుణ్యమా అని అది ఓవర్‌టైం మొదలెడుతుంది. పైన చర్మకణాలు ఊడాల్సిన తీరుగా ఊడక దారి మూసేస్తాయి. జిడ్డు లోపలే నిలవుంటుంది. ఆ గాలాడని కొట్టుగదిలో క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి హాయిగా సంసారం పెంచుతుంది. అదేమీ బయటినుంచి వచ్చిన దొంగ కాదు. మొటిమ లేనివాళ్ళ మొహం మీద కూడా కాపురముండే పాత అద్దెదారే. జిడ్డు, మూత, ఈ అద్దెదారు, వాపు: నలుగురు కలిసి చేసిన నేరంలో యాంటీబయోటిక్ పట్టుకోగలిగేది ప్రధానంగా ఆ అద్దెదారుని, కొంతవరకు వాపుని. దారికి పడ్డ మూత దాని చేతికి చిక్కదు. అంచేత ఒంటరిగా దాన్నే పూసుకునేవాళ్ళు మురుగుకాలవ పూడిక తియ్యకుండా దోమలమందు కొట్టించే మునిసిపాలిటీ లాంటివాళ్ళు.

దోమలైనా కొన్ని చస్తాయి. ఇక్కడ జరిగే తమాషా వేరు. మందుకు లొంగేవి పోతాయి, లొంగనివి ఏవో నాలుగు మిగుల్తాయి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేశాం సరే. పిచ్చుక చచ్చింది, దాని పినతండ్రి కొడుకు బతికాడు, వాడి సంతానానికి ఇక అస్త్రమంటే వడగళ్ళ వాన. మొటిమల సూక్ష్మజీవి క్లిండమైసిన్‌కూ ఎరిత్రోమైసిన్‌కూ లొంగడం మానేస్తోందని వైద్యులు 1979లోనే రాసిపెట్టారు. ఆ రోజుల్లో పుట్టిన పిల్లలకి ఇప్పుడు మొటిమలు పోయి మోకాళ్ళ నొప్పులొచ్చాయి. అన్న మాత్రం ఇంకా "తగ్గేదాకా" దగ్గరే ఉన్నాడు. పైగా క్లిండమైసిన్, ఎరిత్రోమైసిన్ రెండూ పనిచేసే చోటు ఒకటే. అది పని చెయ్యలేదని దీన్నీ, దీనికి తోడు దాన్నీ పూసేవాళ్ళు ఒకే తాళానికి ఒకే తాళంచెవి రెండుసార్లు చెక్కించుకుంటున్నారు.

ఇది మొహంతో ఆగే కథ కూడా కాదు. చర్మానికి పూసిన ఎరిత్రోమైసిన్ ముక్కులో ఉండే స్టాఫిలోకాకస్ సూక్ష్మజీవులకు సైతం మొండితనం నేర్పింది. మొటిమల మందు వాడేవాళ్ళ ఇంట్లో, ఏ మందూ ముట్టని వాళ్ళ చర్మం మీద కూడా మందుకు లొంగని రకాలు కనిపించాయి. ఇక అమీర్‌పేట లేడీస్ హాస్టల్లో ఆరుగురికి ఒకే ట్యూబ్ తిరుగుతుందంటే, పంచుకుంటున్నది స్నేహమొక్కటే అనుకోకండి.

మనకు మరో గొప్ప సంప్రదాయముంది: ఆదివారం. "ఆదివారం పెళ్ళిచూపులండీ, ఇవాళ గురువారం, ఆలోగా తగ్గేది ఇవ్వు నాయనా" అని తల్లి అడుగుతుంది. మొటిమ మందు ఏదైనా సరే, గుణం కనబడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆ మాట చెబితే గిరాకీ పక్క షాపుకి పోతుంది. అందుకని రెండో అరలోంచి ఇంకో ట్యూబ్ దిగుతుంది. అందులో ఒక స్టిరాయిడ్, ఒక యాంటీబయోటిక్, ఒకటో రెండో ఫంగస్ మందులు. పప్పు, పులుసు, పెరుగు, పాయసం ఒకే గ్లాసులో పోసి ఇచ్చే భోజన హోటల్ ఉంటే మనం తగలబెట్టేవాళ్ళం. మందుల షాపులో ఇస్తే "పవర్‌ఫుల్" అంటాం.

శనివారానికి మొహం నున్నగా అవుతుంది. ఎర్రదనం పోతుంది, కాస్త తెలుపు కూడా తేలుతుంది. పెళ్ళి కుదురుతుంది. ఆ ట్యూబ్‌కి ఇంట్లో దేవుడి పటం పక్కన చోటు దొరుకుతుంది. అయితే స్టిరాయిడ్ మొటిమని తగ్గించలేదు, అరవకుండా నోరు నొక్కింది. మూణ్ణెల్లకు చర్మం ఉల్లిపొరలా పల్చబడుతుంది, రక్తనాళాలు పైకి తేల్తాయి, చెంపల మీద నూగు మొలుస్తుంది, ఎండ తగిలితే మంట. మానేస్తే మొహమంతా భగ్గుమంటుంది. ఆ భగ్గుమనడం చూసి "చూశావా, క్రీము ఆపితే ఎలా వచ్చిందో" అని మళ్ళీ పూస్తారు. మొటిమలు కూడా రెట్టింపై వస్తాయి, స్టిరాయిడ్ స్వయంగా మొటిమలు తెప్పిస్తుంది కాబట్టి. ఈ దేశంలో ఇలాంటి మొహాలు ఎన్ని పెరిగాయంటే, మన చర్మవైద్యులు దీనికి ప్రత్యేకంగా ఓ రోగం పేరే పెట్టాల్సొచ్చింది: స్టిరాయిడ్ చెడగొట్టిన ముఖం. రోగానికి పేరు పెట్టడంలో ప్రపంచానికి మనం దారి చూపాం. గర్వపడాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ప్రభుత్వం నిద్రపోలేదు. 2018లో 14 రకాల పూత స్టిరాయిడ్లను చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అదే ఏడాది నిషేధించిన 328 మిశ్రమాల్లో ఈ పప్పు-పాయసం క్రీములు కొన్ని ఉన్నాయి. అంతకుముందు, 2016లో, యాంటీబయోటిక్ అట్టల మీద ఎర్ర గీత చూసి ఆగమని ప్రచారం చేసింది. బెజవాడ బెంజి సర్కిల్‌లో ఎర్రలైటు దగ్గరే ఆగనివాళ్ళం, ట్యూబ్ మీద ఎర్ర గీత దగ్గర ఆగుతామా?

ఒక్కోసారి ఎల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. లెడర్లీ మందుల సంస్థలో ఆయన నడిపిన పరిశోధనశాల నుంచే టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి అందింది. ఆయన పోయిందీ ఆ ఏడే. ఇప్పుడు ముదిరిన మొటిమలకు డాక్టర్లు రాసే డాక్సీసైక్లిన్ ఆ వంశంలోదే. ఒక తెలుగువాడి చేతి చలవతో లోకానికి ఒక యాంటీబయోటిక్ వంశం దక్కింది. మిగతా తెలుగువాళ్ళం దాన్ని అద్దం అరలో పెట్టి మొద్దుబార్చే బాధ్యత తీసుకున్నాం.

డాక్టర్లని వదిలెయ్యమంటారా? రెండు గంటలు కూర్చోబెట్టి, రెండు నిమిషాలు చూసి, ఫేస్‌వాష్ నుంచి విటమిన్ దాకా ఏడు వస్తువులు రాసి, ఏది ఎన్నాళ్ళు వాడాలో మాత్రం చెప్పని వారి దగ్గరకి మళ్ళీ వెళ్ళడం కంటే అన్న దగ్గరకి వెళ్ళడమే మేలని ఆ అమ్మాయి అనుకుంటే ఆమె తప్పు సగమే. ఫీజు కూడా ఉంది. పెద్ద ప్రభుత్వాస్పత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుందనీ, అక్కడ మొటిమలకూ చూస్తారనీ ఎవరూ చెప్పరు. మొటిమ కోసం పెద్దాసుపత్రికి వెళ్ళడమేమిటని నవ్వుతారు. ఫీజు మిగిల్చామన్న తృప్తితో ఏడాదిలో తొమ్మిది ట్యూబులు కొన్నాక ఆ నవ్వు తగ్గుతుంది, మొటిమ తగ్గదు.

ఆ రోజు అన్న చెప్పనివీ, చెప్పడానికి అతనికి తీరిక లేనివీ కొన్ని ఉన్నాయి. క్లిండమైసిన్‌ని ఒంటరిగా పంపకూడదు. తోడుగా బెంజాయిల్ పెరాక్సైడ్ ఉండాలి. అది ఆ గాలాడని కొట్టుగదిలోకి ఆక్సిజన్ వదులుతుంది. అద్దెదారుకి అదే మరణశాసనం, దానికి మొండికేసే విద్య ఆ సూక్ష్మజీవికి ఇప్పటిదాకా పట్టుబడలేదు. మూత తియ్యడానికి అడాపలీన్ లాంటిది ఉండాలి. రాత్రిపూట రాయాలి, మొదట్లో చర్మం పొట్టు లేస్తుంది, ఎండకు జాగ్రత్త. గర్భిణులూ, గర్భం కోసం చూస్తున్నవాళ్ళూ డాక్టరుకి చెప్పకుండా దాన్ని ముట్టకూడదు. మొహం మామూలు సబ్బుతో మెల్లగా కడిగి ఆరనిచ్చి, బఠాణీ గింజంత తీసుకుని, మొటిమలొచ్చే మేరంతా పల్చగా పుయ్యాలి. ఒక్కో మొటిమకీ ఒక్కో బొట్టు పెట్టి చుక్కల ముగ్గులా చెయ్యకూడదు. కళ్ళూ, పెదాలూ వదిలెయ్యాలి.

అన్నిటికన్నా ముఖ్యం, గడువు. మొహం కుదుటపడగానే, మామూలుగా మూణ్ణెల్లకు మించకుండా, యాంటీబయోటిక్ ఆగిపోవాలి. మిగతా రెండూ డాక్టరు చెప్పినన్నాళ్ళు కాపలా ఉండాలి. మనవాళ్ళు దీన్ని తలకిందులు చేస్తారు. మంట పుడుతోందని ఆ రెండూ ఆపేసి, చల్లగా ఉందని యాంటీబయోటిక్‌ని మూడేళ్ళు రాస్తారు. పూసింది చర్మానికే అయినా కొద్దిగా ఒంట్లోకీ వెళ్తుంది. అరుదే కానీ, విరేచనాలు పట్టుకుంటే, రక్తం కనిపిస్తే మందు ఆపి డాక్టరు దగ్గరకి వెళ్ళాలి. పూర్వం యాంటీబయోటిక్‌తో పెద్దపేగు వాచినవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. నెలసరి తప్పుతూ గడ్డం దగ్గర మొటిమలు మూకుమ్మడిగా వస్తుంటే, లోతైన గడ్డలై గుంటలు పడుతుంటే, అది ఏ ట్యూబ్‌కీ తెగే తగువు కాదు.

బెంజాయిల్ పెరాక్సైడ్‌తో ఒక ఇబ్బంది ఉన్న మాట నిజమే. తువ్వాళ్ళకీ, తలగడ గలీబులకీ రంగు పోగొడుతుంది. కొత్త గలీబు మీద తెల్లమచ్చ చూసి తల్లి పెట్టే కేక వీధి చివరిదాకా వినపడుతుంది. కూతురు మొహం మీద ఎర్రమచ్చ చూసి ఆ తల్లే "వేడి చేసిందే, పల్లీలు మానెయ్" అని ఊరుకుంటుంది. తెల్ల గలీబు కొంటే రెండు తగువులూ తీరతాయి.

ఇంతకీ ఆ అమ్మాయి ట్యూబ్ సంచీలో వేసుకుని వెళ్ళిపోయింది. నేను మాత్రలు లేకుండా తిరిగొచ్చాను. మీ అద్దం అరలో కూడా అలాంటిదొకటి ఉండే ఉంటుంది. ఒక్కసారి తియ్యండి. అక్షరాలు చీమకాళ్ళంత ఉంటాయి, అమ్మమ్మ కళ్ళజోడు అరువు తెచ్చుకోండి. మందు పేరు చివర "సోన్" అనో "సాల్" అనో ఉంటే అది చాలావరకు స్టిరాయిడే: బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటసాల్. "మైసిన్" అని ఉంటే యాంటీబయోటిక్. ఎవరి దగ్గర కొన్నారో, ఎవరు రాశారో, ఎన్నాళ్ళు వాడాలో ఎవరు చెప్పారో గుర్తు తెచ్చుకోండి. మూడింటికీ జవాబు "అన్న" అయితే, ఆ ట్యూబ్‌ని చెత్తబుట్టలో పారెయ్యకండి, పక్కింటి పిల్లకి ఇవ్వకండి. సంచీలో వేసుకుని చర్మవైద్యుడి దగ్గరకి వెళ్ళి బల్ల మీద పెట్టండి. వెళ్ళేటప్పుడు హెల్మెట్ తియ్యండి.