నొప్పుల ఇంజెక్షన్ ఆత్మకథ

నా పేరు ఆక్సిటోసిన్. ఊళ్లలో నన్ను నొప్పుల ఇంజెక్షన్ అంటారు. వేలెడంత గాజు ఆంప్యూల్‌లో ఒదిగిన ఒక్క మిల్లీలీటరు ద్రవాన్ని. పురిటి వేళ తల్లి మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి తనంతట తాను విడిచే హార్మోనూ నేనూ ఒకటే. ఆ గ్రంథి సారానికి గర్భసంచిని బిగించే శక్తి ఉందని 1906లో హెన్రీ డేల్ చూపించాడు. 1953లో విన్సెంట్ డు విన్యో తొమ్మిది అమైనో ఆమ్లాలను కూర్చి నన్ను ప్రయోగశాలలో తయారుచేశాడు, 1955లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నాడు. నా పుట్టుక గురించి ఇంతకంటే చెప్పుకోవలసింది లేదు. నా బాధంతా నన్ను వాడే వేళ గురించే. బిడ్డ బయటపడ్డాక తల్లి తొడకు చేసే పది యూనిట్ల ఇంజెక్షన్‌గా నేను రక్తస్రావాన్ని ఆపుతాను. అవే పది యూనిట్లు బిడ్డ ఇంకా కడుపులో ఉండగా చేస్తే ఆ బిడ్డకు ఊపిరి అందకుండా చేయగలను.

నేను బిడ్డ ఒంట్లోకి విషంలా పాకను. నా పని తల్లి గర్భసంచి కండరం మీదే. ఆ కండరం బిగిసినప్పుడల్లా దాని గుండా మాయకు వెళ్లే రక్తనాళాలు నొక్కుకుపోతాయి, బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది. నొప్పి వదిలాక రక్తం మళ్లీ పారుతుంది, బిడ్డ తేరుకుంటుంది. ఏట్లో మునకలు వేసేవాడు తల పైకెత్తినప్పుడే గాలి పీల్చుకున్నట్టు, కడుపులో బిడ్డ బతికేది నొప్పికీ నొప్పికీ మధ్యనున్న ఎడంలోనే. మామూలు కాన్పులో ఆ ఎడాన్ని ప్రకృతే కాపాడుతుంది. నన్ను ఎక్కువగా ఎక్కిస్తే పది నిమిషాల్లో అయిదుకు మించి నొప్పులు వస్తాయి, ఎడం చెరిగిపోతుంది. అప్పుడు బిడ్డ రక్తంలో ఆమ్లం పేరుకుంటుంది, గుండె వేగం పడిపోతుంది. పుట్టగానే ఏడవని బిడ్డలు, మొదటి రోజే ఫిట్స్ వచ్చే బిడ్డలు, మెదడు దెబ్బతిని జీవితాంతం కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేని బిడ్డలు ఈ దారిలోనూ తయారవుతారు. ఇక తల్లికి ఉప్పు లేని గ్లూకోజు నీళ్లతో కలిపి నన్ను విపరీతంగా ఎక్కిస్తే బిడ్డ రక్తంలో సోడియం తగ్గే ప్రమాదమూ ఉంది.

అందుకే కాన్పుకు ముందు నన్ను వాడవలసి వస్తే ఒకటే పద్ధతి: సెలైన్‌లో బాగా పలచన చేసి, నిమిషానికి ఒకటి రెండు మిల్లీయూనిట్లతో మొదలుపెట్టి, నొప్పులను లెక్కిస్తూ, బిడ్డ గుండె చప్పుడు వింటూ మెల్లగా పెంచడం. రక్తంలో నా శక్తి కొన్ని నిమిషాల్లోనే సగానికి పడిపోతుంది కాబట్టి, బిడ్డ కష్టపడుతోందని తెలిసిన క్షణంలో డ్రిప్ ఆపితే నా పట్టు సడలుతుంది. కానీ తొడ కండరంలోకి గుచ్చేసిన నన్ను వెనక్కి లాగే దారి లేదు. అక్కడి నుంచి రెండు మూడు గంటలు పనిచేస్తూనే ఉంటాను. ఏ తల్లి గర్భసంచి నాకు ఎంతగా స్పందిస్తుందో ముందే చెప్పగలిగినవాళ్లూ లేరు.

ఇదంతా చదువుకోని చేతుల్లోనే జరుగుతుందనుకుంటే పొరపాటు. స్వీడన్‌లో 1990 నుంచి 2005 వరకు కాన్పు వేళ వైద్యపరమైన తప్పిదాల వల్ల తీవ్రంగా ఊపిరాడక దెబ్బతిన్న 177 మంది శిశువుల కేసులను పరిశీలిస్తే, 126 చోట్ల నన్ను జాగ్రత్త లేకుండా వాడినట్టు తేలింది. ఆ మొత్తం కేసుల్లో దాదాపు అన్నిటిలోనూ కడుపులో బిడ్డ పరిస్థితిని సరిగా కనిపెట్టలేదు. దీనికి ఎదురుగా మరో సాక్ష్యం చూపుతారు. అమెరికాలో 6,106 మంది తొలిచూలు తల్లులతో జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, 39వ వారంలో నొప్పులు తెప్పించినందువల్ల శిశువులకు హాని పెరగలేదు, సిజేరియన్లు కాస్త తగ్గాయి కూడా. అది నిజం, నేను కాదనను. కానీ ఆ కాన్పులు జరిగింది కొలిచి మందు ఎక్కించే ఏర్పాట్లు, గుండె చప్పుడు వినే మనుషులు, అవసరమైతే వెంటనే ఆపరేషన్ చేయగల వసతి ఉన్న ఆసుపత్రుల్లో. ఆ ఫలితాన్ని చూపించి, ఇవేవీ లేనిచోట ఇంటి గదిలో సిరంజి పట్టుకోవడం ఎలా న్యాయమవుతుంది?

కాన్పు ఆలస్యమైతే బిడ్డకు ప్రమాదం కాదా అని మరొక ప్రశ్న. నిజంగా ఆగిపోయిన కాన్పులో ప్రమాదమే, అక్కడ నా సాయం కావాలి. అయితే నెమ్మదిగా సాగడం వేరు, ఆగిపోవడం వేరు. గర్భద్వారం గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలన్న పాత కొలత అందరికీ వర్తించదనీ, తల్లీబిడ్డా క్షేమంగా ఉంటే అయిదు సెంటీమీటర్లు కాకముందే తొందరపెట్టవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. నెమ్మదిగా సాగే కాన్పులో నన్ను ముందుగానే వాడితే సుమారు రెండు గంటలు కలిసి వస్తాయి, కానీ సిజేరియన్లు మాత్రం తగ్గవని కోక్రేన్ సమీక్ష తేల్చింది. ఆ రెండు గంటలు ఎవరికి కావాలి? నొప్పులు తాళలేని తల్లి అడగడంలో తప్పు లేదు. ఖాళీ మంచం కోసం, డ్యూటీ ముగిసే వేళ కోసం, మాట పడకుండా పని కానిచ్చే ఆర్ఎంపీ పేరు కోసం బిడ్డ ఊపిరిని పణంగా పెట్టడాన్నే నేను తప్పు పడుతున్నాను.

నా దుర్వినియోగం ప్రసవ గదితోనే ఆగదు. గేదెలు పాలు చేపడానికి నన్ను పొడిచే అలవాటును సాకుగా చూపి, దేశంలో అమ్మకానికి నన్ను తయారుచేసే పనిని కేంద్రం 2018లో ఒక్క ప్రభుత్వ రంగ సంస్థకే పరిమితం చేయబోయింది. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. దుర్వినియోగం చూసి కోపం తెచ్చుకోవడం నాకు అర్థమవుతుంది. కానీ నేను దొరక్కపోతే మొదట పోయేది కాన్పయ్యాక రక్తం ఆగని తల్లి ప్రాణం. ఆ తల్లుల్ని కాపాడిన పనే నా గర్వం. నిషేధం కన్నా నన్ను భద్రపరచడం, నన్ను వాడేవాళ్లకు నేర్పడం, బిడ్డ గుండె వినే పరికరం ప్రతి ప్రసవ గదిలో పెట్టడం ఎక్కువ మేలు చేస్తాయి.

భద్రపరచడం అంటే రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనం. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో నన్ను కిటికీ పక్క ట్రేలో వదిలేస్తారు, ఫ్రిజ్ ఉన్నచోట కరెంటు పోతుంది. రంగు మారదు, వాసన రాదు, నా శక్తి మాత్రం కరిగిపోతుంది. రక్తం ఆపవలసిన వేళ నేను చేతకానిదాన్నై మిగులుతాను, ఖాళీ ఆంప్యూల్‌గా చెత్తబుట్టలో పడతాను. దీనివల్ల బిడ్డలకూ ముప్పుంది. ఎండకు నీరసించిన ఆంప్యూళ్లతో పనిచేసి, నొప్పులకు ఒకటి చాలక రెండు చేయడం అలవాటైన చేతికి ఏదో ఒకరోజు చల్లగా భద్రపరచిన ఆంప్యూల్ అందుతుంది. ఆ రోజు కూడా రెండే చేస్తారు.