లంకెల సూత్రమునకు టీకాతాత్పర్యములు

వీర్నపల్లిలో ఇంటినుండియే కొలువు చేయుచున్న మా మేనల్లుడు, సాఫ్ట్‌వేరు వివరణల ఫైళ్లలో అక్కడక్కడ చిక్కుకొన్న లంకెలను నేను కంటితో ఏరుచు, కళ్లజోడు తుడుచుకొనుచు, పొద్దుగూకినను సగము ముగింపలేక విసుగుచుండుట ఫోనులో విని, "మామా, గట్ల ఎన్నొద్దులు ఏరుతవ్? గిదొక్కటి కొట్టు, అన్నీ బయటవడ్తయ్" అని ఒక పంక్తి పలికెను. చెవిన బడినది బడినట్లు తెలుగులిపిలో వ్రాసికొంటిని. వ్యాఖ్యానింపక నిద్రపట్టదయ్యె.

మూలము:
గ్రెప్ -ఓహెచ్‌ఈ 'హెచ్‌టీటీపీఎస్?://[^ )]+' *.ఎండీ | సార్ట్ -యూ

టీక: గ్రెప్ = బెల్ లేబొరేటరీలలో కెన్ థాంప్సన్ కల్పించిన, 1973 నాటి యూనిక్సులో కానవచ్చు పనిముట్టు; 'ఈడీ' అను ఎడిటరులో, ఫైలంతయు వెదకి పోలిన పంక్తులను చూపుమను ఆజ్ఞలోని అక్షరములే కూడి పేరైనవి గావున, వైయాకరణులు ధాతువుకై తడుములాడ బనిలేదు. ఓ = పోలినంత మేర మాత్రమే; హెచ్ = ఫైలుపేరు చెప్పకయే; ఈ = విస్తృతమైన నమూనాభాషలో; ఎస్? = 'ఎస్' ఉన్నను సరే, లేకున్నను సరే, పాణినీయులు దీనినే 'వా' యందురు; [^ )]+ = ఖాళీగాని మూసిన కుండలీకరణముగాని ఎదురగువరకు; *.ఎండీ = 2004లో జాన్ గ్రూబర్ వెలువరించిన మార్క్‌డౌన్ పద్ధతిని వ్రాసిన ఫైళ్లన్నిటను; నిలువుగీత = కండె చుట్టిన చేయి మగ్గముకడ చేతికందించినట్లు, ముందువాని పంటను వెనుకవాని కందించునది; సార్ట్ -యూ = వరుసబెట్టి, ఒక్కటే రూపము పలుమార్లు వచ్చిన ఒకటే నిలుపునది.

తాత్పర్యము: మూలము లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ప్రతిన పూనిన మెదకుసీమవాడు మల్లినాథసూరి నేడుండి, ఈ ఫైళ్లను పరీక్షింపదలచెనేని, రెండవ సగమును 'ఓ' అను ఏకాక్షరమే నెరవేర్చుట చూచి సంతసించును, మొదటి సగమున మాత్రము, సూత్రము మూలములను పోగుచేయునే గాని అవి బ్రదికియున్నవో చచ్చినవో చూడదని ముఖము చిట్లించును.

విశేషములు: 'వీర్నపల్లి' లంకెలో చేరి శాతపు గుర్తుల రూపము దాల్చినచో, పది సంకేతములు, ఒక్కొక్కటి మూడు బైట్లు, బైటునకు మూడక్షరములు చొప్పున, 90 అక్షరములగును, అంత తోకను సూత్రము తడబడక మ్రింగును. కాని 2016 వరకు కరీంనగరు జిల్లా ఎల్లారెడ్డిపేట మండలములోనుండి, ఆపై రాజన్న సిరిసిల్ల జిల్లాలో తానే మండలమైన ఆ ఊరికి పాత చిరునామా యొకటి, క్రొత్తది యొకటి తారసిల్లిన, ఊరొక్కటేయని సార్టు ఎరుగదు. చివర నొక ఏటవాలు గీత ఎక్కువైనను రెండుగనే లెక్కించును. చాదస్తమే, మా తాతగారి పద్దులపుస్తకమును ఇట్లే యుండెడిది.

మార్క్‌డౌనులో లంకెను కుండలీకరణములలో బెట్టుట ఆచారమగుటచే, మూసిన గుర్తు చూడగానే సూత్రము ఆగును. ఒకే పేరుగల ఊళ్లను వేరుచేయుటకై తెలుగు వికీపీడియా మండలనామమును అవే గుర్తుల నడుమ బెట్టును గదా! నా పట్టికలో అట్టి ఊళ్లన్నియు మూతలేని పెట్టెలై వచ్చెను. ముందే చెప్పవేమిరా యని మేనల్లుని గద్దింపగా, "చెప్తే నువ్వు కొడ్తుంటివా మామా?" అని నవ్వెను.