ఆస్థాన కంప్యూటర్ వైద్యుడు

ప్రతి అపార్టుమెంటుకూ ఒక ఆస్థాన కంప్యూటర్ వైద్యుడు ఉంటాడు. జీతం లేదు, కాఫీ ఉంది. పెళ్ళి ఫోటోల కార్డు మల్టీ కార్డ్ రీడర్‌లో పెడితే ఏమీ రావట్లేదని కబురు పెడితే చాలు, వచ్చి కార్డు లాగి, నోటితో ఊది, మళ్ళీ గుచ్చి, "డ్రైవర్ పోయిందండీ" అని తేల్చేస్తాడు. నా ఫిర్యాదల్లా ఒకటే: ఆయన రోగిని చూడకుండానే మందు రాస్తాడు. యూఎస్‌బీ రీడర్లు చాలామటుకు మాస్ స్టోరేజ్ పద్ధతిలోనే మాట్లాడతాయి. దానికి కావలసిన డ్రైవరు విండోస్ 2000 నాటి నుంచీ సిస్టంతోనే వస్తోంది. అసలు చిక్కు వేరు. నాలుగు గుంతల రీడరంటే ఒకే ఇంటి నంబరు, నాలుగు వాటాలు. పాత లినక్స్‌లో చాలాచోట్ల మొదటి వాటా తలుపు మాత్రమే తట్టేవారు. మిగతావీ తట్టాలంటే కెర్నల్‌కు విడిగా చెప్పాల్సి వచ్చేది. విండోస్ ఎక్స్‌పీ దీనికి పూర్తిగా విరుద్ధం. ఖాళీ గుంతలకు కూడా ఒక్కో అక్షరం పంచిపెట్టేది. అది చూసి మన వైద్యుడు "వైరస్ నాలుగు డ్రైవులు పుట్టించింది" అన్నాడు. విండోస్ 7 ఖాళీవాటిని దాచిపెడితే, "రీడర్ చచ్చిపోయింది" అన్నాడు.

ఊదితే పనిచేసిన రోజులూ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, కాదనను. తీసి గుచ్చినప్పుడు కంప్యూటరు పరికరాన్ని మళ్ళీ మొదటినుంచి పలకరిస్తుంది, పిన్నులూ కాస్త రాసుకుంటాయి. ఆ పుణ్యమంతా ఊపిరి ఖాతాలో పడుతుంది. ఉచితంగా చేసేవాడి మీద ఇంత నిష్ఠూరమా అనీ అడగవచ్చు. ఊదినంతవరకు నాకేం పేచీ లేదు, పేచీ అంతా ఫార్మాట్ దగ్గరే. 2006లో ఎస్‌డీహెచ్‌సీ అనే కొత్తరకం కార్డులు 2 జీబీ గీత దాటాయి. అంతకుముందరి రీడరుకు అవి అర్థం కావు. అప్పుడు తెరమీద "ఫార్మాట్ చేయాలా?" అని కంప్యూటరు వినయంగా అడుగుతుంది. ఆయన అంతకంటే వినయంగా "యెస్" నొక్కుతాడు. చదవలేని రీడరు చాలాసార్లు ఫార్మాటూ చేయలేక చేతులెత్తేస్తుంది కాబట్టి సరిపోయింది. కొత్త కార్డు తెలిసిన మంచి రీడరైతే తలంబ్రాలు, అప్పగింతలు అన్నీ ఒక్క నొక్కుతో పోయేవి.

ఇక కార్డులోకి ఏమీ ఎక్కడం లేదంటే, పక్కన ఉండే గోరంత లాక్ మీట కిందికి జారిందేమోనని చూడనైనా చూడడు. "వైరసే, సందేహం లేదు" అంటూ యాంటీవైరస్ సీడీ కోసం పై అంతస్తుకు వెళ్తాడు. ఆయన దిగివచ్చేలోపు ఆ ఇంటి ఏడో తరగతి పిల్ల మీటను గోటితో పైకి తోసేస్తుంది. అయినా సీడీ వేయాల్సిందే. కాఫీ అప్పటికే కలిపేశారు.